ఎర్రని పసిడి: మైఖేల్ ఫారడే జీవితం

పసిడి అంటేనే పసుపు వన్నె. ఆ పసిడిని కెంపు రంగు నీటిగా మార్చి, ఆ ఎరుపు కూడా బంగారానిదేనని లోకానికి చూపిన శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే. విద్యుత్ పరిశోధకునిగా పాఠ్యపుస్తకాల ద్వారా అందరికీ పరిచితులైన ఆయన జీవితంలో లోహాల కథ కూడా ఒకటుంది. అది అంతగా ప్రచారానికి నోచుకోలేదు.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలోని న్యూయింగ్టన్‌లో జన్మించారు. తండ్రి కమ్మరి. పేదరికం కారణంగా బడి చదువు అక్షరాలు, లెక్కలతోనే ముగిసింది. 1805లో, పద్నాలుగవ ఏట, పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరి, చేతికి వచ్చిన పుస్తకాలనే చదువుకుంటూ విజ్ఞానం గడించారు. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వాటిని శ్రద్ధగా రాసి, బైండు చేసి ఆయనకే పంపారు. ఫలితంగా 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకునిగా ఉద్యోగం లభించింది.

కమ్మరి కుమారుని తొలి పరిశోధనలలో ఉక్కు ఒకటి కావడం విశేషం. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఆయన ఉక్కు మిశ్రమాలపై పనిచేశారు. పాశ్చాత్యులు ‘ఊట్జ్’ అని పిలిచిన దక్షిణ భారత ఉక్కును పరీక్షించి, 1819లో ఫలితాలు ప్రచురించారు. తెలంగాణలోని కోనసముద్రం వంటి గ్రామాల కొలుములు ఆ ఉక్కుకు ప్రసిద్ధి. తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ ఉన్న ఉక్కు అనే మాటే ఆంగ్లేయుల నోట అలా మారిందని పండితుల అభిప్రాయం. దాని గొప్పతనానికి అల్యూమినా, సిలికాలు కారణమని ఫారడే తలచారు. అది పొరపాటని, కర్బనమే ప్రధానమని తర్వాత తేలింది. అయినా ఆయన వెనుదీయక ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశారు. ఒక లోహంలో మరొకటి కొద్దిగా చేరినా గుణం మారుతుందని ఆ ప్రయోగాలు చాటాయి.

1831లో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొనడంతో ఆయన కీర్తి దిగంతాలకు వ్యాపించింది. అయితే 1840 నాటికి ఆరోగ్యం దెబ్బతిన్నది. జ్ఞాపకశక్తి సన్నగిల్లసాగింది. చేసిన ప్రతి ప్రయోగాన్నీ దినచర్య పుస్తకంలో రాసుకునే అలవాటే ఆయనకు ఊతమైంది.

ఆ స్థితిలోనే, అరవై నాలుగేళ్లు దాటిన వయసులో, బంగారానికీ కాంతికీ గల సంబంధంపై దృష్టి సారించారు. పలుచని బంగారు రేకును వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ఆకుపచ్చగా కనిపించింది. బంగారు క్లోరైడ్ ద్రావణంపై భాస్వరాన్ని ప్రయోగించగా కెంపు రంగు ద్రవం ఏర్పడింది. అందులోకి కాంతిపుంజాన్ని పంపితే దాని దారి స్పష్టంగా వెలిగింది. నీటిలో కంటికి కనిపించని బంగారు నలుసులు తేలుతున్నాయనడానికి అదే నిదర్శనం. చిటికెడు ఉప్పు కలపగానే ఎరుపు నీలమైంది. పదార్థం అదే, నలుసుల పరిమాణమే రంగును మారుస్తున్నదని ఆయన గ్రహించారు. 1857 ఫిబ్రవరి 5న రాయల్ సొసైటీలో ఈ విషయాలు వివరించారు. కాంతి స్వభావం గురించి తాను ఆశించిన సమాధానం మాత్రం ఆయనకు దొరకలేదు.

సర్ బిరుదునూ, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవినీ వద్దన్న ఆ నిరాడంబరుడు 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కన్నుమూశారు.

ఆయనకు దొరకని లెక్కను 1908లో జర్మన్ శాస్త్రవేత్త గుస్తావ్ మీ పూర్తిచేశారు. కాంతి తాకినప్పుడు నలుసులోని ఎలక్ట్రాన్లు ఊగుతాయి. బంగారు నలుసులో ఆ ఊపు ఆకుపచ్చ కాంతిని మింగివేస్తుంది గనుక మిగిలిన ఎరుపు కంటికి చేరుతుంది. వెండి నలుసులు నీలకాంతిని మింగి పసుపుగా కనిపిస్తాయి. ఈ రెండు లోహాలనూ ఒకే నలుసులో కలిపితే, పాళ్లను బట్టి రంగు పసుపు నుంచి ఎరుపు వరకు క్రమంగా మారుతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న నాలుగవ శతాబ్దపు రోమన్ గాజుపాత్ర, లైకర్గస్ కప్పు, బయటి వెలుగులో ఆకుపచ్చగానూ లోపల దీపం పెడితే ఎర్రగానూ కనిపించడానికి అటువంటి వెండి బంగారు మిశ్రమ నలుసులే కారణమని 20వ శతాబ్దంలో బయటపడింది.

యౌవనంలో కొలిమి దగ్గర చేసిన మిశ్రమలోహాల పనిని, వార్ధక్యంలో బంగారంతో చేసిన కాంతి పనిని ఫారడే స్వయంగా ఒకచోటికి చేర్చలేదు. ఆ రెండు పాయలూ ఆయన తరువాతి తరాల చేతిలో కలిశాయి. నేడు మందుల దుకాణంలో దొరికే గర్భనిర్ధారణ పట్టీలలో చాలావాటిపై తేలే ఎర్రగీత బంగారు నలుసులదే. ఆయన చేతితో తయారైన కెంపు ద్రవం సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. వాటి రంగు వెలిసిపోలేదు.