రెండు కాళ్లకూ గోల్ నేర్పిన ఉస్తాద్ రహీం సాబ్

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టడం పుట్టుకతో రావాల్సిందే అని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్‌లో ఒక స్కూల్ మాస్టారు మాత్రం ఎక్కాలు నేర్పినట్టు గోల్ కొట్టడం కూడా నేర్పొచ్చని నమ్మారు. ఆ నమ్మకంతోనే దేశానికి రెండుసార్లు ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిపెట్టారు. ఆయనే మర్హూమ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకు మాత్రం ఎప్పుడూ రహీం సాబే.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం ఉస్మానియా యూనివర్సిటీలో డిగ్రీ చేశారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యి, చివరిదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతి చూడ్డానికి చాలా సింపుల్. కుర్రాళ్లకు వింత రూల్స్‌తో టోర్నమెంట్లు పెట్టేవారు. ఒకదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి వచ్చిందంటే ఆపుకోకుండా వెంటనే తన్నాల్సిందే.

దీని వెనక లెక్క ఉంది. కుడి కాలు మాత్రమే ఆడే ఫార్వర్డ్ ముందుకు బంతి ఎడమ వైపు వస్తే, దాన్ని కుడి వైపుకి మార్చుకోవాలి. ఆ అర సెకనులో డిఫెండర్ అడ్డం వచ్చేస్తాడు, గోల్‌కీపర్ సర్దుకుంటాడు. రెండు కాళ్లూ ఆడితే ఆ అర సెకను మిగులుతుంది. ఎటు తంతాడో కీపర్ ముందే పసిగట్టలేడు. డ్రిబ్లింగ్ వద్దన్నదీ ఇందుకే. బంతి రాకముందే గోల్ ఎక్కడుందో, కీపర్ ఎటున్నాడో చూసుకునే అలవాటు పడాలి. గోల్ ముందు తడబడేది ఎక్కువగా కాలు కాదు, నిర్ణయం.

భారత జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం వచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడారు. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడిన రోజులవి. రహీం సాబ్ కుంగిపోలేదు, ప్రపంచం ఎలా ఆడుతోందో గమనించారు. ముందుండే ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి డిఫెండర్లను తికమక పెట్టే హంగరీ ఆటను మనవాళ్లకు నేర్పారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్‌లో కనిపించింది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డపైనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడి తొలి హ్యాట్రిక్ అదే. చివరికి జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి సరిగ్గా నెల. చిత్తూరు జిల్లావాళ్లకూ రహీం సాబ్ అప్పుడే సొంత రాష్ట్రం మనిషయ్యారు. 1960 రోమ్‌లో హంగరీపై, పెరూపై గోల్స్ కొట్టిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడే.

అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే క్యాన్సర్ ఆయన ఒంటిని తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. పైగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ అతన్ని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాంపై అతను గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా జనం, అందరూ భారత్‌కు వ్యతిరేకంగానే అరుస్తున్నారు. మొదట పీకే బెనర్జీ, కాసేపటికే జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది.

1963 జూన్ 11న హైదరాబాద్‌లో రహీం సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. వయసు 53 ఏళ్లే. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒక్క ఒలింపిక్స్‌కూ అర్హత సాధించలేదు. ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం చూడలేదు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో కొత్త తరానికి ఆయన పేరు తెలిసింది. పేరు తెలిస్తే చాలదు, పద్ధతి మిగలాలి. ఎడమ కాలి టోర్నమెంట్‌కు పెద్ద స్టేడియం అక్కర్లేదు, స్పాన్సర్ అక్కర్లేదు. తిరుపతిలోనో, చిత్తూరులోనో, పలమనేరులోనో ఒక స్కూల్ గ్రౌండ్, ఒక బంతి, పట్టుబట్టి నేర్పే ఒక మాస్టారు ఉంటే ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.