అచంచల ధీరుడు లెవ్ యాషిన్

ఫుట్‌బాల్ క్రీడలో గోల్‌కీపర్ స్థానం విలక్షణమైనది. ముందు వరుస ఆటగాడు పది అవకాశాలు జారవిడిచి ఒక్క గోల్ చేస్తే కీర్తి పొందుతాడు. గోల్‌కీపర్ పది బంతులను ఆపి ఒక్కదానిని విడిచిపెడితే నింద పొందుతాడు. అతని పొరపాటు వల రూపంలో అందరి కళ్లకూ కనబడుతుంది. అటువంటి స్థానంలో రెండు దశాబ్దాలకు పైగా నిలిచి, ఓటమిని, గాయాన్ని, నిందను సమచిత్తంతో స్వీకరించిన మహా క్రీడాకారుడు లెవ్ యాషిన్.

యాషిన్ 1929 అక్టోబర్ 22న మాస్కో నగరంలో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించాడు. 1941లో జర్మనీ సేనలు సోవియట్ దేశంపై దండెత్తినప్పుడు ఆ కుటుంబం ఉల్యానోవ్‌స్క్ ప్రాంతానికి తరలిపోయింది. పురుషులు యుద్ధరంగానికి వెళ్లగా కర్మాగారాలలో పిల్లలు కూడా పనిచేయవలసి వచ్చింది. బాల్యం వీడకముందే యాషిన్ యంత్రాల మధ్య శ్రామికుడయ్యాడు. చాలీచాలని తిండి, ఎడతెగని శ్రమ అతని ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. కడుపులో పుండు జీవితాంతం ఆయనను బాధించింది. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో మనస్సు కూడా కుంగిపోయి, కర్మాగారానికి వెళ్లడం మానుకున్నాడు. హితుల సలహాతో సైనిక సేవలో చేరి, అక్కడ ఆడిన ఆటతోనే తేరుకున్నాడు. ఆ ఆటను గమనించిన శిక్షకుడు అర్కాదీ చెర్నిషెవ్ ఆయనను ప్రసిద్ధమైన మాస్కో డైనమో క్లబ్బులోకి తీసుకున్నాడు.

అయితే ఆరంభం శుభప్రదం కాలేదు. 1950లో స్టాలిన్‌గ్రాడ్ జట్టుతో జరిగిన ఒక స్నేహపూర్వక పోటీలో ఎదుటి గోల్‌కీపర్ తన్నిన బంతి మైదానమంతా దాటి వచ్చింది. దానిని అందుకోబోయిన యాషిన్ సొంత జట్టు ఆటగాణ్ణే ఢీకొన్నాడు. బంతి వలలో పడింది. ఒక గోల్‌కీపర్ కొట్టిన బంతి మరొక గోల్‌కీపర్‌ను దాటి గోల్ కావడం చూపరులకు పరిహాసాస్పదమైంది. ఆ ఏడాదే క్లబ్బు ప్రధాన గోల్‌కీపర్ అలెక్సీ ఖోమిచ్ గాయపడగా యాషిన్‌కు లీగ్ పోటీలలో అవకాశం వచ్చింది. అక్కడ కూడా తడబడ్డాడు. దానితో ఆయనను మళ్లీ రెండవ శ్రేణి జట్టుకు పంపారు.

ఆ నిరీక్షణ 1953 వరకు సాగింది. ఈలోగా యాషిన్ ఐస్ హాకీలోనూ గోల్‌కీపర్‌గా ఆడాడు. 1953లో సోవియట్ ఐస్ హాకీ కప్పును గెలుచుకున్న డైనమో జట్టులో ఆయన ఉన్నాడు. చిన్నదైన ఆ రబ్బరు బిళ్లను ఆపడంలో అలవడిన చురుకుదనం ఫుట్‌బాల్‌లోనూ అక్కరకు వచ్చింది. ఖోమిచ్ నిష్క్రమించిన తరువాత డైనమో గోల్ బాధ్యత ఆయనకు దక్కింది. హాకీని విడిచి ఫుట్‌బాల్‌నే జీవితంగా ఎంచుకున్నాడు. 1954 సెప్టెంబర్‌లో స్వీడన్‌పై ఆడి అంతర్జాతీయ రంగంలో అడుగుపెట్టాడు.

ఆనాటి గోల్‌కీపర్లు ఎక్కువగా గోల్ గీతను అంటిపెట్టుకొని ఉండేవారు. యాషిన్ ముందుకు దూసుకువచ్చి దాడిని మొదటే భగ్నం చేసేవాడు. బిగ్గరగా అరుస్తూ రక్షకులను నడిపించేవాడు. చిక్కిన బంతిని వెంటనే సహచరునికి విసిరి ఎదురుదాడికి నాంది పలికేవాడు. ముదురు రంగు దుస్తులు, పొడవైన చేతులు చూసి లోకం ఆయనను నల్ల సాలెపురుగు అని పిలిచింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టు స్వర్ణ పతకం సాధించింది. ఆ క్రీడలలో భారతదేశానికి కూడా చిరస్మరణీయమైన స్థానం ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన జట్టు సెమీఫైనల్ చేరి నాలుగవ స్థానంలో నిలిచింది. సెమీఫైనల్‌లో భారత్‌ను 4-1తో ఓడించిన యుగోస్లావియా, ఫైనల్‌లో యాషిన్ కాపలా కాసిన గోల్‌లోకి ఒక్క బంతినీ పంపలేకపోయింది. సోవియట్ జట్టు 1-0తో గెలిచింది. 1960లో పారిస్‌లో జరిగిన మొదటి ఐరోపా కప్పు ఫైనల్‌లోనూ అదే యుగోస్లావియాను 2-1తో ఓడించింది.

కీర్తి శిఖరాన ఉన్న ఆ దశలోనే యాషిన్‌కు కఠిన పరీక్ష ఎదురైంది. 1962లో చిలీ దేశంలో ప్రపంచకప్పు పోటీలు జరిగాయి. అరికా నగరంలో కొలంబియాపై 4-1 ఆధిక్యంలో ఉన్న సోవియట్ జట్టు చివరకు 4-4తో సరిపెట్టుకుంది. ఆ పోటీలో మార్కోస్ కోల్ కొట్టిన కార్నర్ కిక్ ఎవరినీ తాకకుండా నేరుగా వలలో పడింది. దగ్గరి స్తంభం వద్ద ఉన్న రక్షకుడు దానిని ఆపలేదు. పురుషుల ప్రపంచకప్పులో 2022 వరకు మరెవ్వరూ అటువంటి గోల్ చేయలేదు. ఆ తరువాత క్వార్టర్ ఫైనల్‌లో ఆతిథ్య దేశమైన చిలీ 2-1తో గెలిచింది. ఆ పోటీలలో యాషిన్ తలకు బలమైన దెబ్బలు తగిలాయి. గాయపడినవారి బదులు మరొకరిని దింపే అవకాశం అప్పటి ప్రపంచకప్పు నియమాలలో లేదు. గోల్‌కీపర్ లేచి నిలబడవలసిందే. యాషిన్ అలాగే నిలబడ్డాడు.

స్వదేశంలోని అభిమానులు ఆ ఆటలను కళ్లారా చూడలేదు. టెలివిజన్ ప్రసారాలు లేవు. పత్రికలలో వచ్చిన వార్తలే ఆధారం. ఆ వార్తలు ఓటమి భారాన్నంతా యాషిన్‌పై మోపాయి. పదకొండుమంది ఆటలో లోపం ఒక్కనిదైపోయింది. మాస్కో మైదానంలో ఆయన పేరు వినబడగానే ఈలలు, కేకలు చెలరేగేవి. ఇంటి కిటికీ అద్దాలు కూడా పగిలాయి. వయస్సు ముప్పైమూడుకు చేరుతున్నది. ఇక ఆయన ఆట ముగిసిందని అనేకులు నిశ్చయించుకున్నారు.

యాషిన్ మనస్సు గాయపడింది. ఆట మానేయాలన్న తలంపు కూడా కలిగింది. కాని పత్రికలతో వాదానికి దిగలేదు. సహచరులపై నింద మోపలేదు. డైనమో శిక్షకుడు పొనమార్యోవ్ ఆయనను తొందరపెట్టక విశ్రాంతినిచ్చాడు. యాషిన్ పల్లెకు వెళ్లి చేపలు పడుతూ కొంతకాలం గడిపాడు. మనస్సు కుదుటపడిన పిదప తిరిగి వచ్చి, కొత్తగా నేర్చుకొనేవానివలె సాధన మొదలుపెట్టాడు.

ఆ సాధన ఫలం 1963లో లోకానికి తెలిసింది. ఆ సంవత్సరం డైనమో లీగ్ విజేత అయింది. యాషిన్ ఆడిన 27 లీగ్ పోటీలలో ఆయనను దాటిన గోల్స్ ఆరు మాత్రమే. అక్టోబర్ 23న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ సంఘం శతజయంతి పోటీ జరిగింది. ప్రపంచ జట్టు తరఫున మొదటి సగం ఆడిన యాషిన్ ఇంగ్లాండ్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ ఏటి ఐరోపా ఉత్తమ క్రీడాకారునిగా బాలన్ డోర్ పురస్కారం ఆయనను వరించింది. గోల్‌కీపర్లలో ఆ గౌరవం పొందినవాడు ఆయన ఒక్కడే. ఏడాది క్రితం ఎగతాళి చేసిన ప్రేక్షకులే ఆయనకు కరతాళ ధ్వనులతో స్వాగతం పలికారు.

1966 ప్రపంచకప్పులో సోవియట్ జట్టు నాలుగవ స్థానం పొందినప్పుడు కూడా గోల్ ముందు ఆయనే ఉన్నాడు. 1970లో మెక్సికోకు అదనపు గోల్‌కీపర్‌గా వెళ్లాడు. మైదానంలో దిగే అవకాశం రాకపోయినా చిన్నబుచ్చుకోక యువకులకు అండగా నిలిచాడు. 1971 మే 27న మాస్కోలో సుమారు లక్షమంది సమక్షంలో తన వీడ్కోలు పోటీ ఆడి, నడుమనే గోల్ బాధ్యతను యువ గోల్‌కీపర్ పిల్గుయికి అప్పగించి నిష్క్రమించాడు.

చివరి సంవత్సరాలు బాధాకరంగా గడిచాయి. రక్తనాళాల వ్యాధి కారణంగా ఆయన కాలును తొలగించవలసి వచ్చింది. అయినా క్రీడారంగంతో సంబంధం తెంచుకోలేదు. 1990 మార్చి 20న మాస్కోలో కన్నుమూశాడు. 1994 ప్రపంచకప్పు నుండి కొన్ని పర్యాయాలు ఉత్తమ గోల్‌కీపర్‌కు ఆయన పేరిటే పురస్కారమిచ్చారు. 2019లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక యాషిన్ ట్రోఫీని నెలకొల్పింది.

యాషిన్ ఓటమి ఎరుగనివాడు కాడు. ఓటమిని అందరికంటే దగ్గరగా చూసినవాడు. వలలో పడిన బంతిని తానే తీసి మళ్లీ ఆటలోకి పంపవలసినవాడు గోల్‌కీపర్. పడిన బంతిని తిరిగి పంపి, తరువాతి బంతికై సిద్ధపడటమే ఆయన జీవితం నేర్పే పాఠం. నిందకు మాటతో కాక కృషితో సమాధానం చెప్పినవాని కీర్తి కాలంతోపాటు పెరుగుతుందే గాని తరగదు.