జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) ఇంగ్లండులో పుట్టి, భారత పౌరసత్వం స్వీకరించిన ప్రముఖ జీవశాస్త్రవేత్త. జె.బి.ఎస్. హాల్డేన్‌గా ప్రసిద్ధుడు. జన్యుశాస్త్రాన్ని గణితంతో జోడించి జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఈయన ఒకడు. మిగిలిన ఇద్దరు రొనాల్డ్ ఫిషర్, సీవాల్ రైట్. నీటి అడుగున మనిషి శ్వాసక్రియ ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఈయన తన శరీరం మీదనే ప్రయోగాలు చేసుకొన్నాడు. రీబ్రీదర్ అనే శ్వాసపరికరంతో లోతుకు దిగే నేటి డైవర్లు పాటించే జాగ్రత్తలలో కొన్నింటికి మూలం ఆ ప్రయోగాలలో కనిపిస్తుంది. మరణానంతరం తన దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని ఈయన వీలునామా వ్రాశాడు.

బాల్యం, తండ్రి ప్రభావం

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. చెల్లెలు నవోమి మిచిసన్ రచయిత్రి. బొగ్గుగనులలోని విషవాయువులను పరిశీలించడానికి వెళ్ళేటప్పుడు తండ్రి కుమారుని కూడా వెంట తీసుకొని వెళ్ళేవాడు. ప్రమాదకరమైన పరీక్షను ముందుగా తన మీదనే చేసుకోవాలన్నది ఆ తండ్రి పద్ధతి. కుమారునికి అదే అలవడింది.

లోతులో పీడనం పెరిగినకొద్దీ నత్రజని రక్తంలోను, కణజాలంలోను ఎక్కువగా కరుగుతుంది. డైవరు త్వరగా పైకి వస్తే, సోడా సీసా మూత తీసినప్పటివలె, అది బుడగలుగా వెలువడి కీళ్ళనొప్పులు, పక్షవాతం, ఒక్కోసారి మరణం కలిగిస్తుంది. దీనికి పరిష్కారం చూపే పనిని బ్రిటిష్ నౌకాదళం జాన్ స్కాట్ హాల్డేన్‌కు అప్పగించింది. ఆయన మేకలపై ప్రయోగాలు చేసి, శరీరాన్ని 5, 10, 20, 40, 75 నిమిషాల అర్ధకాలాలు గల ఐదు భాగాలుగా భావించి, దశలవారీగా ఆగుతూ పైకి వచ్చే పట్టికలను 1908లో సహచరులతో కలిసి ప్రకటించాడు. ఈ పరిశోధనలో భాగంగా స్కాట్లండు తీరంలో 1906లో జరిగిన ప్రయోగాలలో పదమూడేళ్ళ కుమారుడు కూడా సముద్రంలోకి దిగాడు. దుస్తులు సరిపోక లోపలికి నీరు కారింది.

విద్య, పరిశోధనలు

హాల్డేన్ ఈటన్‌లోను, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలోను చదివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్లాక్ వాచ్ దళంలో పనిచేశాడు. 1923లో కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రంలో రీడరుగా చేరాడు. ఎంజైముల వేగాన్ని తెలిపే బ్రిగ్స్-హాల్డేన్ సమీకరణం 1925 నాటిది. 1932లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1933 నుండి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడుగా ఉన్నాడు. జీవపరిణామ కారణాలను వివరించే ఈయన గ్రంథం 1932లో వెలువడింది.

థెటిస్ దుర్ఘటన

1939 జూన్ 1న థెటిస్ అనే జలాంతర్గామి లివర్‌పూల్ అఖాతంలో పరీక్షాప్రయాణం చేస్తూ మునిగిపోయింది. 99 మంది మరణించారు. నలుగురు మాత్రమే బయటపడ్డారు. మృతులలో నౌకానిర్మాణ కార్మికులు కూడా ఉండడం వలన కార్మిక సంఘాలు హాల్డేన్ సహాయం కోరాయి. ఈయన స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన నలుగురితో కలిసి మూసిన గదిలో కూర్చుని, బొగ్గుపులుసు వాయువు పేరుకొన్నకొద్దీ ఆయాసం, తలనొప్పి ఎలా పెరుగుతాయో స్వయంగా అనుభవించాడు. తప్పించుకొనే పరికరాన్ని సరిగా వాడే శక్తి కూడా ఆ స్థితిలో సన్నగిల్లుతుంది.

ఆ నలుగురూ వాడిన డేవిస్ పరికరం ఒక విధమైన ఆక్సిజన్ రీబ్రీదరే. రీబ్రీదర్‌లో విడిచిన గాలి నీటిలోకి పోదు. అది సోడా లైము గుండా ప్రవహించి బొగ్గుపులుసు వాయువును కోల్పోతుంది, ఖర్చయిన ఆక్సిజన్ తిరిగి చేరుతుంది. ఆచరణలో పనికివచ్చే మొదటి ఆక్సిజన్ రీబ్రీదర్‌ను హెన్రీ ఫ్లూస్ 1878లో రూపొందించాడు.

పీడన గదిలో ప్రయోగాలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హాల్డేన్ నౌకాదళం కొరకు సీబ్ గోర్మన్ సంస్థ పీడన గదులలో ప్రయోగాలు సాగించాడు. తరువాత 1945లో ఈయన భార్య అయిన హెలెన్ స్పర్వే, సహచరుడు మార్టిన్ కేస్ వీటిలో పాల్గొన్నారు. 10 వాతావరణాల పీడనం వద్ద మామూలు గాలి మనిషిని మత్తులో ముంచుతుందని, నత్రజనికి బదులు హీలియం వాడితే ఆ మత్తు ఉండదని వారు గమనించారు. అధిక పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చితే కొద్ది నిమిషాలలోనే మూర్ఛ వస్తుంది. అటువంటి ఒక మూర్ఛలో హాల్డేన్ వెన్నుపూసలు దెబ్బతిన్నాయి, ఆ నొప్పి చాలాకాలం బాధించింది. పీడనమార్పుల వలన కర్ణభేరులకు రంధ్రాలు పడ్డాయి. వీరి ఫలితాలు 1941లో ప్రచురితమయ్యాయి.

నేటి డైవింగులో ప్రాముఖ్యం

వినోదం కొరకు గాలి సిలిండరుతో దిగేవారికి సాధారణంగా 40 మీటర్లు హద్దు. అంతకు మించి దిగడానికి సాంకేతిక డైవింగు శిక్షణ అవసరం. రీబ్రీదర్ వాడేవారు మూడు ప్రమాదాలను గుర్తుంచుకోవాలి: సోడా లైము పనిచేయక బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం, ఆక్సిజన్ ఎక్కువై మూర్ఛ రావడం, ఆక్సిజన్ తగ్గి హెచ్చరిక లేకుండానే స్పృహ పోవడం. నీటి అడుగున మూర్ఛ వస్తే నోటిలోని గొట్టం జారి మునిగిపోయే అవకాశం ఎక్కువ. అందువలన స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను సుమారు 6 మీటర్ల లోతు వరకే వాడతారు. నేటి యంత్రాలు ఆక్సిజన్ పాక్షికపీడనాన్ని సాధారణంగా 1.2 - 1.3 బార్ల వద్ద నిలుపుతాయి. ఎక్కువ లోతులో హీలియం మిశ్రమాలు వాడతారు. పైకి వచ్చే దశలను లెక్కించే కంప్యూటర్లలో చాలావాటికి తండ్రి హాల్డేన్ భావనయే మూలం.

భారతదేశంలో

సూయజ్ యుద్ధంలో బ్రిటన్ వైఖరిని నిరసించిన హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. భారతీయ వస్త్రధారణ అలవరచుకొన్నాడు. ఖరీదైన యంత్రాలు లేకుండా, జంతువులను హింసించకుండా పరిశోధన చేయవచ్చని యువకులకు బోధించాడు. ఈయన వద్ద పనిచేసిన తెలుగువాడు కృష్ణ ద్రోణంరాజు తరువాతి కాలంలో హాల్డేన్ జీవితచరిత్రను వ్రాశాడు. 1962లో హాల్డేన్ భువనేశ్వర్‌కు మారి జన్యుశాస్త్ర ప్రయోగశాలను నడిపాడు.

మరణం

ఈయనకు పురీషనాళ క్యాన్సర్ సోకింది. చికిత్స పొందుతూనే ఆ వ్యాధి మీద హాస్యకవిత వ్రాసి, లక్షణాలు కనిపించగానే వైద్యుని వద్దకు వెళ్ళమని పాఠకులను హెచ్చరించాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. బ్రతికియున్నంతకాలం తన శరీరాన్ని ప్రయోగాలకు వినియోగించిన హాల్డేన్, దానిని వైద్యవిద్యార్థుల పాఠానికై కాకినాడకు అప్పగించాడు.