తోటివాళ్లను ఎదగనిచ్చిన హెడ్ మేడమ్

డిపార్ట్‌మెంట్ హెడ్ అంటే మనకు టైంటేబులూ, అటెండెన్సూ, సెలవు చీటీల మీద సంతకాలే గుర్తొస్తాయి. ఆ కుర్చీకి ఇంకో పని కూడా ఉందని చూపించిన ఒక లెక్కల మేడమ్ గురించి ఈసారి చెప్పుకుందాం. ఆమె పేరు అన్నా పెల్ వీలర్.

1883లో అమెరికాలోని అయోవాలో, స్వీడన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. సౌత్ డకోటా విశ్వవిద్యాలయంలో ఆమె ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినది లెక్కల మాస్టారు అలెగ్జాండర్ పెల్. 1907లో ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. జర్మనీలోని గాటింజెన్‌లో హిల్బర్ట్ దగ్గర చదివారు. డాక్టరేటు మాత్రం 1910లో షికాగోలో వచ్చింది. మరుసటి ఏడే భర్తకు పక్షవాతం వచ్చి పడిపోతే, ఆయన క్లాసులు కూడా ఈవిడే చెప్పారు. పెద్ద విశ్వవిద్యాలయాలేమో మగవాళ్లకే ఉద్యోగాలిచ్చాయి. అలా మహిళా కళాశాలల వైపు వచ్చారు. ముందు మౌంట్ హోల్యోక్, 1918 నుంచి బ్రిన్ మార్.

1924లో బ్రిన్ మార్ గణిత విభాగానికి హెడ్ అయ్యారు. పాఠాల బరువు తగ్గితేనే అధ్యాపకులు పరిశోధన చేయగలరని, వాళ్ల బోధన గంటలు తగ్గించాలని పట్టుబట్టారు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలతో రాకపోకలు పెంచారు. తన చదువునూ వదల్లేదు. 1927లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ కొలోక్వియం ఉపన్యాసాలు ఇచ్చిన మొదటి మహిళ ఆమే. ఆ గౌరవం ఇంకో మహిళకు దక్కింది 1980లోనే!

1921లో పెల్ గారు పోయారు. 1925లో ఆర్థర్ వీలర్‌ను పెళ్లాడితే, 1932లో ఆయనా పోయారు. ఆ దుఃఖం ఆరకముందే, 1933లో నాజీ ప్రభుత్వం గాటింజెన్‌లో ఎమ్మీ నోథర్ ఉద్యోగం తీసేసింది. యూదు స్త్రీ కావడమే ఆమె నేరం. నోథర్‌ను బ్రిన్ మార్‌కు రప్పించడంలో వీలర్ గారు ముందు నిలిచారు. తనకంటే పెద్ద పేరున్న మనిషి తన విభాగంలోకి వస్తే తన వెలుగు తగ్గుతుందేమోనని జంకలేదు. నోథర్ చుట్టూ చదువుకునే యువతులు చేరారు. ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. 1935 ఏప్రిల్‌లో, ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే నోథర్ కన్నుమూశారు. ఆమె అస్థికలు ఆ కాలేజీ ప్రాంగణంలోనే ఉన్నాయి.

వీలర్ గారు 1948లో రిటైరయ్యారు, 1966లో పోయారు. లెక్కలు చదివేవాళ్లలో నోథర్ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఆమెకు చోటిచ్చిన హెడ్ పేరు మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ నెల మన గోడమీద ఆ పేరు రాశాం.