జాన్ హబ్బర్డ్

1931లో లండన్‌లో జన్మించిన జాన్ హబ్బర్డ్‌ను మేము ఒక్క లెక్క కొరకే తలచుకొంటాము. కొన్ని ఘనపదార్థములలో ఎలక్ట్రానులు ఒకదానిని మరొకటి అడ్డుకొనుచు మెలగు తీరును, హార్వెల్ పరిశోధనాలయమున ఉండగా, 1963లో ఆయన రెండు నియమములకు కుదించినారు. ఎలక్ట్రాను పక్క గడికి దూకవచ్చును. ఒకే గడిలో రెండు చేరిన అధికశక్తి వ్యయమగును. అరకు సంతలో ఒకే గోనెపట్టాపై ఇద్దరు అమ్మకందార్లు సర్దుకొనుట వంటిదే! చూడ సులభమే గాని, ఎలక్ట్రానులు పెరిగిన కొలది కంప్యూటర్లకు సైతము ఆ లెక్క లొంగదు. 1980లో శాన్ హోసేలో, 49 ఏండ్లకే, ఆయన కన్నుమూసినారు.

2008లో జ్యూరిక్‌లో పొటాషియం పరమాణువులను పరమశూన్యమునకు అతి చేరువగా చల్లార్చి, లేసరు కాంతి అల్లిన జాలకములో నిలిపినారు. ఎలక్ట్రానుల పాత్ర ధరించిన ఆ పరమాణువులు గడికొకటిగా కదలక నిలిచినవి. హబ్బర్డ్ దానిని చూడలేదు.