చివరి ఊరి టీవీ నుంచి మొదలెట్టిన సారాభాయ్

నెట్ స్లో అయితే వీడియో మసకబారుతుంది, కానీ ఆగదు. నెట్‌వర్క్‌కి, ఫోన్‌కి తగ్గట్టు వీడియోని మార్చే ఈ పనికి ఇప్పుడు మంచి ఉద్యోగాలున్నాయి. మన దేశంలో ఇలాంటి ఆలోచన ముందే చేసినాయన విక్రమ్ సారాభాయ్.

1919లో అహ్మదాబాద్‌లో పుట్టారు, కేంబ్రిడ్జ్‌లో చదివారు. 1969లో ఇస్రో మొదలైంది. పల్లెలకి శాటిలైట్ టీవీ కోసం నాసాతో ఒప్పందమూ అదే ఏడాది కుదిరింది. నెల్లూరు తీరాన శ్రీహరికోట నుంచి 1971 అక్టోబర్‌లో తొలి రాకెట్ ఎగిరింది. డిసెంబర్ 30న, 52 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

టీవీ కల 1975లో నిజమైంది. కరెంటు, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న సుమారు 2,400 పల్లెలకి కోళ్లగూటి తీగవలతో చేసిన డిష్‌లు వెళ్లాయి. ఒకే బొమ్మకి రెండు ఆడియో ఛానెళ్లు. మన పల్లెలు తెలుగులో విన్నాయి.

మీ ప్రాజెక్ట్ కూడా అక్కడి నుంచే మొదలెట్టండి: చివర చూసేవాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉంది, సిగ్నల్ ఎంత?