తాళపత్రాల నుంచి ‘టు స్ట్రింగ్’ దాకా

మాది దాచేపల్లి. మొదటి ఇంటర్వ్యూలో అడిగారు: టైపు తెలియని కలెక్షన్ ఇస్తాం, చదవగలిగే స్ట్రింగ్‌గా మార్చు అని. జావాలో అర్రేని నేరుగా ప్రింట్ చేశా. విలువలకు బదులు ఏవో గుర్తులు, అంకెలు వచ్చాయి. ఆ రౌండ్‌లోనే ఇంటికొచ్చేశా. ఆ పనికి కావాల్సిన ఓపిక ఏంటో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితం చదివాకే తెలిసింది.

1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్, 1817లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరారు. 1824లో మచిలీపట్నంలో ఉండగా వేమన పద్యాల వేట మొదలుపెట్టారు. దొరికిన తాళపత్రాలు ఒక తీరుగా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు. వరుస వేరు, పాఠం వేరు. ఆయన ఏ ఒక్క ప్రతినీ గుడ్డిగా నమ్మలేదు. పండితుల సాయంతో ప్రతులన్నీ పోల్చి, పద్యాలను విభాగాలుగా సర్ది, 1829లో ఇంగ్లిష్ అనువాదంతో 693 పద్యాలు అచ్చు వేయించారు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి మరెన్నో కావ్యాలకు శుద్ధప్రతులు రాయించారు. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. 1884లో లండన్‌లో కన్నుమూశారు.

కోడ్‌లోనూ అంతే. అన్నీ ఒకే రకం అనుకోవద్దు. ముందు నల్, ఖాళీ కేసులు చూడాలి. లూప్‌లో ఒక్కో ఐటెమ్ టైపు చూసి స్ట్రింగ్ చేయాలి. లోపల ఇంకో లిస్టు ఉంటే అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలవాలి. మధ్యలో కామా పెట్టాలి. సొంత క్లాస్ అయితే ‘టు స్ట్రింగ్’ మనమే రాయాలి.

ఇంటర్వ్యూకి ముందు ఈ ఒక్క ఫంక్షన్ చూడకుండా రాసి చూడండి.